పేరు తెలియనోడు ఏమని వెతకాలి?
కంప్యూటర్ బొమ్మల పనిలో కొత్తోళ్ళకి దారి చూపినవాళ్ళ చరిత్ర

పోస్టు పొడుగ్గా ఉంటది, రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి. ఈ గ్రూపులో ఇప్పటిదాకా మన తాతల చరిత్ర, అడవుల చరిత్ర, చట్టాల చరిత్ర చానా వచ్చింది. మేము రాసేది కూడా చరిత్రే గానీ కొత్తది. ఫోటోషాప్, గింప్, ఇంక్‌స్కేప్, బ్లెండర్ లాంటి బొమ్మలు గీసే, అక్షరాలు పేర్చే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి గదా. వాటిలో ఆరితేరినవాళ్ళ మధ్యకి ఏమీ తెలియని కొత్తవాళ్ళు వెళ్తే వాళ్ళకి ఎవరు చెప్పారు, ఎట్టా చెప్పారు అనేదే ఈ పోస్టు.

మేమంటే సంగం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు కాలనీల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేవాళ్ళం. మాలో ఎక్కువ మందికి ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా అమ్మానాన్నలని ఈ విషయం అడిగితే చెప్పలేరు, మా అన్నలు కూడా చెప్పలేరు. ఎనిమిది మందికి ఒక పాత లాప్‌టాప్ ఉంది. సెలవుల్లో మాలో ఇద్దరు ఆత్మకూరులో ఫ్లెక్సీ షాపుకి పనికి పోతారు. డిజైన్ పని వచ్చినోడికి రోజు కూలి కంటే మేలైన డబ్బు ఉందని మేము కళ్ళారా చూశాం. అందుకే ఇది మాకు సరదా విషయం కాదు.

మన ఊళ్ళల్లో ఈ సాఫ్ట్‌వేర్లు కనపడేది ఎక్కడ? ఫ్లెక్సీ షాపులో, ఫోటో స్టూడియోలో, పెళ్ళి పత్రికలు వేసే ప్రెస్సులో. పెళ్ళికి ఫ్లెక్సీ, పెద్దకర్మకి ఫ్లెక్సీ, పుట్టినరోజుకి ఫ్లెక్సీ. ఈ పని మొదలైన వరస చూస్తే, పేజీలు పేర్చే పేజ్‌మేకర్ 1985లో వచ్చింది, కోరల్‌డ్రా 1989లో, ఫోటోషాప్ 1990లో. తర్వాత మన తెలుగు ప్రెస్సుల్లోకి డీటీపీ వచ్చింది, దాంతోపాటు అను లాంటి ఫాంట్లు వచ్చాయి. అప్పట్లో ఒక్కో కంపెనీ ఫాంటుకి ఒక్కో లెక్క. పైకి మనకి తెలుగు అక్షరం కనపడతది గానీ లోపల కంప్యూటర్ దాచుకునేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే. ఆ ఫాంటు లేని మిషన్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. ఏ మీట నొక్కితే ఏ అక్షరం, ఏ వత్తు ఎక్కడ కూర్చుంటది అనేది ఆపరేటర్‌కి చేతివేళ్ళల్లో ఉండేది. ఇప్పటికీ మన వైపు షాపుల్లో 'ఆపిల్ కీబోర్డు వచ్చా?' అని అడిగి పనిలో పెట్టుకుంటారు. ఆపిల్ అంటే ఫోన్ కాదు, అను ఫాంట్లలో అక్షరాల అమరికకి ఆ పేరు.

ఆ వేళ్ళల్లో ఉన్న విద్యని ఆపరేటర్ అంత తేలిగ్గా బయటపెట్టడు. మా వాళ్ళు వెనక నిలబడి చూస్తుంటే స్క్రీన్ తిప్పేసుకున్న షాపులు ఉన్నాయి. మాకు కోపం వచ్చింది, కానీ కూర్చుని ఆలోచిస్తే ఆయన బాధ కూడా అర్థమైంది. ఆయన ఎవరి దగ్గరో ఏళ్ళ తరబడి టీలు తెచ్చి, తిట్లు తిని నేర్చుకున్నాడు. ఆరు నెలల్లో నేర్పేస్తే పక్క వీధిలో ఇంకో షాపు లేస్తది. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ళు ఉన్నారు గదా, ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడైనా పక్కన కూర్చుని, చెయ్యి చూసి నేర్చుకోవాల్సిందే. చేతి పని అంటే అంతే. కాకపోతే కంప్యూటర్‌లో తేడా ఏమిటంటే, చెయ్యి కదిలేది మౌసు మీద, పని జరిగేది తెర లోపల. పక్కన కూర్చున్నా ఏం జరిగిందో కనపడదు. నోటితో చెప్పాలి.

ఇప్పుడు మాకు జరిగింది ఒకటి చెప్తాం, మిగతా చరిత్ర అంతా దీని చుట్టూనే ఉంది. ఆగస్టు 9 ప్రపంచ ఆదివాసీ దినోత్సవానికి హాస్టల్ తరఫున ఒక పోస్టర్ చేయాలనుకున్నాం. షాపులో ఖాళీ టైములో పాత ఫోటోషాప్‌లో 'ప్రపంచ ఆదివాసీ దినోత్సవం' అని యూనికోడ్ ఫాంటులో పెట్టాం. 'ప్ర' విడిపోయింది. 'త్స' విడిపోయింది. వత్తులు కిందికి పోకుండా పక్కన నిలబడ్డాయి, బడిలో బెంచీ మీద నిలబెట్టిన పిల్లల్లాగా. ఫాంటు మార్చినా అంతే. నెట్‌లో డిజైనర్లు వందల మంది ఉన్న ఒక చోట అడిగాం. మాకు వచ్చిన ఇంగ్లీషులో అడిగాం. వచ్చిన మొదటి జవాబు, 'అడిగే ముందు వెతుక్కో'. రెండోది ఒక నవ్వే బొమ్మ. మూడోది లేదు.

వెతకమన్నారు సరే, ఏమని వెతకాలి? ఆ జబ్బుకి పేరేంటో మాకు తెలియదు. 'తెలుగు లెటర్స్ బ్రేకింగ్' అని కొడితే ఏవేవో వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత గుంటూరు వైపు పాలిటెక్నిక్ చదివే ఒక అక్క మెసేజ్ పెట్టింది, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి. ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, దాంట్లో టైప్, అక్కడ టెక్స్ట్ ఇంజిన్ అనే చోట 'మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్' అనేది ఎంచుకుని, ఫోటోషాప్ మూసి మళ్ళీ తెరిచి కొత్త ఫైలు మొదలుపెట్టండి అని. వత్తులన్నీ కిందికి దిగినాయి. ఆమె ఆ పని మొదలుపెట్టి మూడు నెలలే అయిందంట. 'నాకూ ఇట్టాగే అయింది, అందుకే గుర్తుంది' అనింది. అప్పుడు తెలిసింది మాకు, ఆ జబ్బుకి ఇంగ్లీషులో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అని, టెక్స్ట్ ఇంజిన్ అని పేర్లు ఉన్నాయని. ఆ మాటలు ముందే తెలిసుంటే మేమూ వెతుక్కునేవాళ్ళమే.

'వెతుక్కో' అనే మాట ఎక్కడ పుట్టిందో చూద్దామని పోతే చరిత్ర చానా వెనక్కి పోయింది. పోస్టుల కింద, వెబ్‌సైట్లలో ఎఫ్ఏక్యూ అని ఉంటది గదా, తరచూ అడిగే ప్రశ్నలు. ఆ మాట 1980ల మొదట్లో అమెరికా అంతరిక్ష సంస్థ నాసాలో పనిచేసే యూజీన్ మియా అనే ఆయన దగ్గర మొదలైంది అంటారు. అంతరిక్షం గురించి మాట్లాడుకునే ఒక మెయిల్ గుంపులో కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా అవే ప్రశ్నలు అడుగుతుంటే, పాతవాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చి, అన్నిటికీ జవాబులు ఒక్కచోట రాసి పెట్టారు. అంటే మొదట అది సాయమే. విసుగులోంచి పుట్టినా సాయమే. తర్వాత తర్వాత దాన్నే తలుపు మూయడానికి వాడుకున్నారు, 'చదవకుండా అడిగావా' అని. (అంతరిక్షం మాట వచ్చింది కాబట్టి ఒకటి. 1970 ప్రాంతంలో శ్రీహరికోట దీవిలో ఉన్న మన యానాది కుటుంబాలని కదిలించి అక్కడ రాకెట్ కేంద్రం కట్టారు. 1971 అక్టోబరులో మొదటి రాకెట్ ఎగిరింది. పెద్ద చదువు మన గడపలోకే వచ్చింది, మనల్ని మాత్రం బయటికి పంపి వచ్చింది. దాని గురించి వేరే పోస్టు రాయాలి.)

ఇంకో కథ ఉంది, దీన్ని విని మా రూములో అందరం నవ్వాం. అప్పట్లో యూజ్‌నెట్ అని ఉండేది, ఇప్పటి గ్రూపులకి తాత లాంటిది. ఎక్కువగా యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళకే అది అందేది. ప్రతి సంవత్సరం సెప్టెంబరులో కాలేజీలో కొత్తగా చేరినోళ్ళు వచ్చి పడేవాళ్ళు, తెలిసీ తెలియక ఏదేదో అడిగేవాళ్ళు. పాతవాళ్ళు నెలా రెండు నెలలు ఓపిక పడితే కొత్తవాళ్ళు దారిలో పడేవాళ్ళు. 1993 నుంచి ఏఓఎల్ లాంటి కంపెనీలు మామూలు జనానికి కూడా ఆ దారి తెరవడం మొదలుపెట్టాక కొత్తవాళ్ళ రాక ఆగలేదు. పాతవాళ్ళు దానికి 'ఎప్పటికీ అయిపోని సెప్టెంబర్' అని పేరు పెట్టి ఏడ్చారు. కొత్తగా వచ్చినవాళ్ళ వైపు నుంచి ఈ కథ ఎవరూ రాసినట్టు లేదు. హాస్టల్లో జూన్ జూలైలో కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు సీనియర్లు పెట్టే మొహం మనకి తెలిసిందే గదా, అదే మొహం.

ఇక బొమ్మల సాఫ్ట్‌వేర్ల సంగతి. గింప్‌ని మొదలుపెట్టింది పెద్ద కంపెనీ కాదు. 1995లో అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో చదువుకునే స్పెన్సర్ కింబాల్, పీటర్ మాటిస్ అనే ఇద్దరు విద్యార్థులు. 1996లో అందరికీ ఉచితంగా వదిలారు. లినక్స్ గుర్తుగా కనపడే పెంగ్విన్ బొమ్మని అదే సంవత్సరం ల్యారీ యూయింగ్ గింప్‌లోనే గీశాడు. కొన్నాళ్ళకి ఆ ఇద్దరి చదువు అయిపోయి ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. సాఫ్ట్‌వేర్ ఆగిపోవాల్సింది, కానీ వాడేవాళ్ళే పట్టుకున్నారు. కోడ్ రాయగలిగినవాళ్ళు కోడ్ రాశారు, రాయలేనివాళ్ళు 'ఈ పని ఇట్టా చేయాలి' అని పాఠాలు రాశారు. మనకి ఆ రెండో రకం వాళ్ళే ముఖ్యం. గింప్ పాఠాలు రాసినవాళ్ళల్లో చానా మంది తాము నేర్చుకుంటూ రాసినవాళ్ళే.

బ్లెండర్ కథ ఇంకా పెద్దది. త్రీడీ బొమ్మలు, యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్ అది. నెదర్లాండ్స్‌లో టాన్ రోజెండాల్ 1994లో మొదలుపెట్టాడు. కంపెనీ పెట్టాడు, 2002లో అది మూతపడింది. కోడ్ మీద హక్కులు పెట్టుబడి పెట్టినవాళ్ళ చేతిలో ఉన్నాయి. లక్ష యూరోలు ఇస్తే జనానికి వదిలేస్తామన్నారు. అప్పుడు బ్లెండర్ వాడేవాళ్ళంతా తలా కొంచెం వేసి ఏడు వారాల్లో ఆ లక్ష పోగుచేశారు. 2002 అక్టోబర్ 13న బ్లెండర్ అందరిదీ అయింది. చందాలు వేసి కొనుక్కున్న సాఫ్ట్‌వేర్ అది. మన కాలనీలో గంగమ్మ జాతరకి చందాలు వేసినట్టు.

అందరిదీ అయింది సరే, అందరికీ అర్థమయిందా? లేదు. బ్లెండర్‌లో ఒక వింత ఉండేది. ప్రపంచంలో ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా వస్తువుని పట్టుకోవాలంటే మౌసు ఎడమ మీట నొక్కుతాం. బ్లెండర్‌లో కుడి మీట నొక్కాలి. కొత్తోడు తెరుస్తాడు, ఎడమ మీట నొక్కుతాడు, ఏమీ పట్టుకోదు, మూసేస్తాడు. ఏళ్ళ తరబడి ఇదే. పాతవాళ్ళేమో 'అలవాటు పడితే ఇదే వేగం' అని వాదించేవాళ్ళు. వాళ్ళకి అది నిజమే, వాళ్ళకి అలవాటైపోయింది గదా! 2013లో ఆస్ట్రేలియాకి చెందిన ఆండ్రూ ప్రైస్ అనే ఆయన, బ్లెండర్ పాఠాలు చెప్పే మనిషి, కొత్తవాళ్ళు ఎక్కడెక్కడ తట్టుకుని పడుతున్నారో వీడియోలు చేసి మార్చమని అడిగాడు. పెద్ద గొడవ అయింది. సాఫ్ట్‌వేర్‌ని చిన్నపిల్లల ఆట చేస్తున్నావని తిట్టినోళ్ళు ఉన్నారు. చివరికి 2019 జూలైలో వచ్చిన 2.80 వెర్షన్‌లో ఎడమ మీటే మామూలు పద్ధతి అయింది. పాత పద్ధతి కావాలన్నవాళ్ళకి అది కూడా ఉంచారు. ఒక్క మీట మారడానికి అన్నేళ్ళు పట్టింది. ఇందులో మాకు నచ్చింది ఏమిటంటే, కొత్తోడు మూసేసి వెళ్ళిపోతే తప్పు కొత్తోడిదే అని అందరూ అనుకునే చోట, తప్పు గడపది కూడా అయ్యుండొచ్చని ఒకడు గట్టిగా అన్నాడు. 2025లో ఆస్కార్ తెచ్చుకున్న 'ఫ్లో' అనే లాట్వియా యానిమేషన్ సినిమా బ్లెండర్‌లోనే చేశారు. ఆ ఆస్కార్‌కి ఎడమ మీటకి సంబంధం ఉందని మేము అనడంలేదు గానీ, పిల్ల బొమ్మల సాఫ్ట్‌వేర్ అయిపోతుందని భయపడ్డవాళ్ళ భయం మాత్రం తేలిపోయింది.

ఆ ఆండ్రూ ప్రైసే కొత్తవాళ్ళకి డోనట్ చేయడం నేర్పే పాఠం పెట్టాడు. ప్రపంచమంతా బ్లెండర్ నేర్చుకునేవాళ్ళు ముందు ఆ డోనట్‌తోనే మొదలుపెడతారు. మాలో ఎవరం డోనట్ తినలేదు. చూస్తే మధ్యలో చిల్లుంది, సరే గారె అనుకున్నాం. పైన పోసే పంచదార పాకం వదిలేసి, గారెకి నూనెలో కాలిన రంగు ఎట్టా తేవాలో రెండు రాత్రులు కూర్చున్నాం. ఆయన ఇంగ్లీషు మాకు సగమే అర్థమయ్యేది, కానీ ప్రతి మీట నొక్కేటప్పుడు దాని పేరు పలుకుతాడు, ఎందుకు నొక్కాడో చెప్తాడు. అది చాలు. పేర్లు రాసుకున్నాం.

తెలుగులో ఈ పని ఎవరు చేశారు? ఇది మనవాళ్ళు తప్పకుండా తెలుసుకోవాలి. 1990ల మొదట్లో తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో అందరికీ కనపడే దారి లేదు. అమెరికాలో చదువుకునే తెలుగు విద్యార్థులు యూజ్‌నెట్‌లో తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకునేవాళ్ళు. ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తే గందరగోళం గదా, రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ కలిసి ఒక పద్ధతి పెట్టారు, ఆర్‌టీఎస్ అని. చిన్న అక్షరం ఎక్కడ, పెద్ద అక్షరం ఎక్కడ అనే లెక్క అది. తర్వాత తిరుమల కృష్ణ దేశికాచారి గారు పోతన, వేమన అనే యూనికోడ్ ఫాంట్లు చేసి ఉచితంగా ఇచ్చారు. 2003 డిసెంబర్ 10న వెన్న నాగార్జున గారు తెలుగు వికీపీడియా మొదలుపెట్టారు. ఆయనే పద్మ అనే పనిముట్టు కూడా చేశారు, పాత ఫాంట్ల రాతని యూనికోడ్‌లోకి మార్చేది. దాని ఆధారంగానే 2006లో వీవెన్ గారు లేఖిని చేశారు. ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పెట్టె. ఏమీ ఎక్కించుకోనక్కర్లేదు, తెరిచి కొట్టడమే. చూడండి, ఒకరు చేసిన పద్ధతి మీద ఇంకొకరు పనిముట్టు, దాని మీద ఇంకొకరు. వీళ్ళంతా బాగా చదువుకున్నవాళ్ళే, ఆరితేరినవాళ్ళే. కానీ వాళ్ళు చేసింది, మీట గుర్తుపెట్టుకునే విద్యని అక్కర్లేకుండా చేయడం. ఆపిల్ కీబోర్డు రాకపోయినా తెలుగు రాయొచ్చు. ఫ్లెక్సీ షాపు ఆపరేటర్ వేళ్ళల్లో దాచుకున్నదాన్ని వాళ్ళు బజార్లో పెట్టారు.

అంతమాత్రాన కొత్తవాళ్ళ కష్టం తీరలేదు. విండోస్ ఎక్స్‌పీ ఉన్న రోజుల్లో తెలుగు సరిగ్గా కనపడాలంటే కంట్రోల్ ప్యానెల్‌లోకి పోయి ఒక గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ పెట్టి కొన్ని ఫైళ్ళు ఎక్కించాలి. సీడీ ఎవరి దగ్గర ఉంటది? అప్పుడు తెలుగులో బ్లాగులు రాసేవాళ్ళు ఒక్కో మెట్టుకీ బొమ్మ పెట్టి, 'ఇక్కడ నొక్కండి, ఇప్పుడు ఇది వస్తుంది' అని తెలుగులో రాసి పెట్టారు. తెలుగు కనపడని మనిషికి తెలుగులో రాస్తే ఎట్టా కనపడతది అని అడగకండి, అందుకే బొమ్మలుగా పెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. వికీపీడియాలో కొత్తగా చేరిన మనిషి పేజీలో స్వాగతం రాసే అలవాటు పెట్టారు. అందరూ మాట్లాడుకునే పేజీకి రచ్చబండ అని పేరు పెట్టారు. ఇంగ్లీషు వికీపీడియాలో అయితే కొత్తవాళ్ళని కరవొద్దని మార్గదర్శకమే రాసి పెట్టుకున్నారు. రాసి పెట్టుకోవాల్సి వచ్చిందంటే కరిచేవాళ్ళు ఉన్నారనే గదా. అయినా రాసి పెట్టడం మంచిదే, కరిచినప్పుడు చూపించడానికి ఒక కాగితం ఉంటది.

ఇంకో మేలు కూడా జరిగింది. సిలికానాంధ్ర వాళ్ళు మండలి, ఎన్టీఆర్, గిడుగు, గురజాడ, సురవరం, పెద్దన, తిమ్మన, ధూర్జటి లాంటి పేర్లతో యూనికోడ్ ఫాంట్లు విడుదల చేశారు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, అమ్మే డిజైన్‌లో కూడా వాడుకోవచ్చు. మా పోస్టర్ మీద ఉన్నది రామభద్ర ఫాంటు, అదీ ఆ వరసలోదే. మేము ఇప్పుడు లాప్‌టాప్‌లో ఇంక్‌స్కేప్, గింప్ వాడుతున్నాం. వాటిలో తెలుగు వత్తులు వాటంతట అవే సరిగ్గా కూర్చుంటాయి. మా దగ్గరున్న బ్లెండర్‌లో మాత్రం తెలుగు విడిపోతుంది. దానికి దారి ఏమిటంటే, మాటని ఇంక్‌స్కేప్‌లో రాసి, 'ఆబ్జెక్ట్ టు పాత్' అనేది నొక్కి అక్షరాన్ని గీతగా మార్చి, ఎస్‌వీజీ ఫైలుగా దాచి, దాన్ని బ్లెండర్‌లోకి తెచ్చుకోవాలి. అప్పుడు 'దినోత్సవం' త్రీడీలో నిలబడతది, వత్తుతో సహా. ఇది ఎవరికైనా పనికొస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

బెంగళూరులో ఒక మురికివాడలో అంబేద్కర్ పేరుతో ఒక కంప్యూటర్ సెంటర్ నడిచింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు సాయంత్రాలు అక్కడికి పోయి పిల్లలకి నేర్పేవాళ్ళు. ఆ పిల్లలు గింప్‌తో బొమ్మలు గీశారు. ఇలాంటి గుంపులు మన తెలుగు రాష్ట్రాల్లో కూడా ఉన్నాయి, ఎక్కువగా ఇంజనీరింగ్ కాలేజీల చుట్టూ పెరిగాయి. డిగ్రీలో బీకాం, బీఏ చదివే మన హాస్టళ్ళ దాకా ఆ గాలి రావాల్సే ఉంది. ఆరితేరినవాళ్ళు మన దగ్గరికి నడిచి వచ్చిన చోట పిల్లలు నేర్చుకున్నారు అనేదానికి ఆ మురికివాడ ఒక సాక్ష్యం.

ఇప్పుడు తిరగేసిన కథ ఒకటి. ఆదిలాబాద్ వైపు గుంజాల అనే ఊళ్ళో గోండు పెద్దల దగ్గర పాత రాతప్రతులు బయటపడ్డాయి, వాళ్ళ సొంత లిపిలో రాసినవి. జయధీర్ తిరుమలరావు గారి బృందం వాటి మీద పనిచేసింది. ఆ లిపి చదవగలిగిన పెద్దలు కొద్దిమందే మిగిలారు. ప్రొఫెసర్లు, ఫాంటు చేసేవాళ్ళు, యూనికోడ్‌కి దరఖాస్తు రాసేవాళ్ళు, అందరూ ఆ లిపి విషయంలో ఓనమాలు రానివాళ్ళే. ఇది ఏ అక్షరం, దీని పలుకు ఏంటి, గుణింతం ఎట్టా అని చెప్పగలిగింది ఆ పెద్దలే. 2018 జూన్‌లో వచ్చిన యూనికోడ్ 11లో గుంజాల గోండి లిపి చేరింది. అదే సంవత్సరం ఆగస్టులో సంతాలీ భాషలో వికీపీడియా మొదలైంది, 1925లో పండిత్ రఘునాథ్ ముర్ము చేసిన ఓల్ చికి లిపిలో. గుంజాలలో ఆ తాతలు 'ముందు వెతుక్కుని రా' అని ఉంటే ఏమయ్యేది? ఎక్కడ వెతుకుతారు, ఏ గూగుల్‌లో ఉంది? వాళ్ళు ఒక్కో అక్షరం పేరు చెప్పారు కాబట్టి ఆ లిపి ఇవాళ కంప్యూటర్‌లో ఉంది.

యానాదులకి లిపి లేదు, మన మాట తెలుగే, యాస వేరు. కానీ మన తాతలు కూడా ఆరితేరినవాళ్ళే. నాటు వైద్యం గురించి రాసుకోవడానికి ఎవరెవరో వచ్చి ఆకుల పేర్లు అడిగితే మన పెద్దలు కొమ్మ తుంచి చేతిలో పెట్టి చెప్పారు. మాలో ఒకరి తాతకి పెన్నా ఒడ్డున ఏ చేప ఏ మడుగులో ఉంటదో తెలుసు, సంగం దగ్గర కొత్త బ్యారేజీ కట్టాక నీళ్ళు ఎట్టా మారాయో తెలుసు. చిన్నప్పుడు మేము ఏదైనా ఆకు చూపించి 'ఇదేంది తాతా' అంటే ముందు పేరు చెప్పేవాడు, తర్వాత వాసన చూడమనేవాడు, ఆ తర్వాతే దేనికి పనికొస్తదో చెప్పేవాడు. అంతకు మించిన పాఠం చెప్పే పద్ధతి మేము ఏ వీడియోలోనూ చూడలేదు.

ఆ పద్ధతే మేము హాస్టల్లో మొదలుపెట్టాం. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టాం. ఎడమ పక్క పేజీలో జబ్బు మన మాటల్లో రాస్తాం, 'వత్తు విడిపోయింది', 'ఫోటో పెద్దది చేస్తే గళ్ళు గళ్ళుగా వచ్చింది', 'తెరలో ఎరుపు ప్రింటులో ఇటుకరాయి రంగు అయింది' అని. కుడి పక్క పేజీలో దాని ఇంగ్లీషు పేరు తెలుగు అక్షరాల్లో రాస్తాం, 'టెక్స్ట్ ఇంజిన్', 'రిజల్యూషన్', 'ఆర్‌జీబీ, సీఎంవైకే' అని, కింద మందు. నిన్న నేర్చుకున్నోడే ఇవాళ రాయాలి, ఎందుకంటే నెలపోతే వాడికి ఆ కష్టం గుర్తుండదు. ఒక షాపు ఆయనకి ఈ పుస్తకం చూపిస్తే, స్క్రీన్ తిప్పేసుకున్న ఆయనే, రెండు తప్పులు దిద్ది మూడు పేర్లు తనే చెప్పాడు. 'నాకు ఇట్టా రాసిచ్చినోడు లేడురా' అన్నాడు. ఎక్కువ మాట్లాడలేదు, పని ఉందని పంపించేశాడు.

ఇప్పటికి పుస్తకంలో 63 జబ్బులు రాశాం. 19కి కుడి పక్క ఖాళీగా ఉంది. అందులో నాలుగు ఇక్కడ పెడుతున్నాం, తెలిసినవాళ్ళు కింద చెప్పండి, తెలుగులోనే చెప్పండి:

పాత పెళ్ళి పత్రికల అను ఫాంటు ఫైళ్ళని యూనికోడ్‌లోకి మారిస్తే కొన్ని వత్తులు తప్పు వస్తున్నాయి, అన్నీ కాదు, కొన్నే.

గింప్‌లో గుండ్రంగా వంచి రాసిన తెలుగు మాట కింద వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి.

బ్లెండర్‌లో నీళ్ళు చేస్తే లాప్‌టాప్ ఆగిపోతుంది. 4 జీబీ ర్యామ్. పెన్నా నది చేద్దామనుకున్నాం. వేరే దారి ఉందా?

ఫోన్‌లో తీసిన కాలనీ ఫోటోల్లో మన మొహాలు బాగా నల్లగా, వెనకున్న ఆకాశం బాగా తెల్లగా వస్తున్నాయి. దీనికి పేరేంటి?